నేను భోషాణాన్ని

ఈ తరం పిల్లలకు నేనంటే ఏమిటో తెలియదు కాబట్టి ముందు నా ఆకారం చెప్పుకుంటాను. మంచమంత పొడవు, మనిషి నడుం దాకా ఎత్తు, మూలలకు ఇనుప పట్టీలు, కింద నాలుగు చెక్క చక్రాలు. మూత మీద ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు. మా తాతగారు మధ్యాహ్నం భోంచేసి రోజూ నా మీదే నడుం వాల్చేవారు. కునుకు కోసమని ఇంట్లో అనుకునేవారు. కాపలా కోసమని నాకు తెలుసు.

నాది బర్మా టేకని ఇప్పుడు నా పక్కన చీటీ పెట్టారు. శుద్ధ అబద్ధం. ఏజెన్సీ అడవుల్లో కొట్టి, తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపిన కలప నేను. కోనసీమ లంక ఊళ్ళో, మండువా లోగిట్లోనే కూర్చుని వడ్రంగి నన్ను చేశాడు. బయట చేస్తే గుమ్మంలోంచి లోపలికి పట్టనని ముందే లెక్కేశాడు. ఏనాటికైనా బయటికి పోవలసి వస్తుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మొదట్లో నాలో ఉన్నవన్నీ పనికొచ్చేవే. పెళ్ళిళ్ళకు తీసే ఇత్తడి గంగాళాలు, కంచు గిన్నెలు, దస్తావేజులు, పట్టుచీరలు, చీరల మడతల్లో కలరా ఉండలు. తర్వాత వీధిలోకి స్టీలు సామాన్ల బండి వచ్చింది. కళాయి పూయించే బాధ లేదు, చింతపండు పెట్టి తోమే చాకిరీ లేదు. మామ్మగారు తన పుట్టింటివారు పెట్టిన గంగాళాన్ని తూకానికి వేసి ఇడ్లీ పాత్ర, అరడజను గ్లాసులు తీసుకున్నారు. కంటతడి లేదు, నిట్టూర్పు లేదు. తూకంలో మోసం చేశాడని మాత్రం వారం పాటు తిట్టారు.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన ఏడది. మా లంక సంగతి చెప్పాలా? నా ఒంటి మీద ఆ నీటి గీత ఇప్పటికీ ఉంది, వార్నిషు వేసినా పోలేదు. వరద తీశాక చూస్తే ఆవకాయ జాడీ పగిలిపోయింది, మూత మాత్రం ఒండ్రులో దొరికింది. ఇంకో జాడీకి పనికొస్తుందని మామ్మగారు దాన్ని కడిగి నాలో పెట్టారు. ఏ జాడీకీ సరిపోలేదు. నాలో చేరిన మొదటి పనికిరాని వస్తువు అదే. దాని వెనకే మిగతావన్నీ వచ్చాయి: వాల్వులు పోయిన రేడియో, తాతగారి కళ్ళజోడు డబ్బా, యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి కొట్టిన చిల్లికానీలు, పెళ్ళి శుభాకాంక్షల టెలిగ్రాములు. పారెయ్యడానికి చెయ్యి రాని ప్రతిదీ నా కడుపులోకే.

మామ్మగారు పోయాక పంపకాలు జరిగాయి. పొలం, కొబ్బరితోట పూటలో తేలిపోయాయి. నా మూత ఎత్తాకే అసలు తగువు. పెద్దబ్బాయి హైదరాబాదు నుంచి, చిన్నబ్బాయి డాలస్ నుంచి, అమ్మాయి కాకినాడ నుంచి వచ్చారు.

"ఆ మూత నాకిచ్చెయ్యన్నయ్యా. ఇంకా ఊరగాయ వాసనొస్తోంది."

"జాడీ లేని మూతేం చేసుకుంటావే?"

"నువ్వేం చేసుకుంటావు మరి?"

ఎకనామిక్స్ చదివే మనవడు మధ్యలో దూరాడు. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పండితులు ఒక ప్రయోగం అచ్చువేశారట. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక తరగతిలో సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఊరికే ఇచ్చి అమ్ముకోమన్నారట. కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి రెట్టింపు పైనే అడిగారట, అప్పుడే చేతికొచ్చిన కప్పులకు! బాగానే ఉంది గానీ, వాళ్ళమ్మ రోజూ తాగిన కప్పులైతే ఎంత అడిగేవారో కూడా చూసి ఉండాల్సింది.

అంతలో ఒక పట్టుచీర మడతలోంచి రద్దయిన పాత అయిదు వందల నోట్లు పద్నాలుగు పడ్డాయి. బ్యాంకులో వేసుకోవడానికి 2016 డిసెంబరు 30 దాకా గడువుండేది, అది ఏనాడో దాటిపోయింది. పైగా అలాంటివి పదికి మించి దగ్గర పెట్టుకుంటే జరిమానా అని 2017లో చట్టం చేశారు. అందుకని అయిదు, అయిదు, నాలుగుగా పంచుకున్నారు. తనకొకటి తగ్గిందని అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెల్లే రోజుల్లో దొరికి ఉంటే కిరాణా బాకీలో కలిసిపోయేవి.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మామ్మగారు బతికుండగా ఆవిడ గంగాళం పోయినా ఎవరూ అడగలేదు. ఆవిడ పోయాక మూత మీద కూడా ప్రాణం పెట్టారు. మనిషి ఉన్నన్నాళ్ళూ వస్తువు వస్తువే.

ఇక నా వంతు. ముగ్గురూ నన్ను నిమిరారు. నేను బయటికి పోకూడదని ముగ్గురూ ఖండితంగా చెప్పారు.

"నువ్వు తీసుకెళ్ళన్నయ్యా."

"లిఫ్టులో పట్టదురా. చెల్లాయిది సొంతిల్లేగా?"

"మాదా? మా అత్తగారి భోషాణానికే చోటు లేక పెరట్లో పడేశాం!"

అలా ఖాళీ ఇంట్లో చెదలకు కాపలా కాశాను. ఇల్లు అమ్ముడైనప్పుడు పాత సామాన్ల వ్యాపారి వచ్చాడు. పెద్దబ్బాయి చెప్పిన ధర విని నవ్వాడు, తన ధర చెప్పాడు, చివరికి ఆ ధరకే పోయాను. గుమ్మం ద్వారబంధం ఊడదీసి నన్ను బయటికి లాగారు.

ఇప్పుడు హైదరాబాదులో అరిటాకు భోజనం పెట్టే ఒక హోటలు గుమ్మంలో ఉన్నాను. నా మీద సోంపు గిన్నె, టూత్‌పిక్కుల డబ్బా. భోంచేసి వచ్చినవాళ్ళలో నడివయసు దాటినవారు ఆగి నా మూత తడిమి చూస్తారు. "మా మామ్మగారింట్లో అచ్చం ఇలాంటిదే ఉండేది" అంటారు. పక్కనున్న పిల్లాడు ఇప్పుడెక్కడుందని అడిగితే "ఏమో, ఎవరికో అమ్మేశారు" అంటారు. అలా చెప్పి ఫోటో దిగుతారు. నన్ను ప్రేమించేవాళ్ళంతా వాళ్ళవాళ్ళ భోషాణాలను అమ్ముకున్నవాళ్ళే. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మూడు గదుల ఫ్లాటులో నన్ను పెడితే మనుషులెక్కడ తిరుగుతారు?

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నా ఎడమపక్క లోపలి పలక వెనక రహస్య అర ఉంది. ముగ్గురిలో ఎవరికీ తెలియదు, వ్యాపారికీ తెలియదు. అందులో మామ్మగారి తాళంచెవుల గుత్తి ఉంది. అవి పట్టే తాళాలు లోకంలో ఎక్కడా లేవు. ఆవిడా ఆ తానులో ముక్కే మరి.

మీ ఇంట్లో నాలాంటిది ఇంకా ఉంటే, అమ్మండి, తప్పులేదు. బేరం కుదుర్చుకునే ముందు మాత్రం లోపలి పలకలన్నీ వేలితో కొట్టి చూడండి. బోలుగా మోగినచోట అర ఉంటుంది.