మావాడు ఫీల్డులో ఉన్నాడు

బరంపురం ఫోన్ చేసి తమ్ముడేడీ అంటే మా పిన్ని చెప్పే జవాబు ఒకటే: "ఫీల్డులో ఉన్నాడు." ఆ ఫీల్డు పెద్దబజారులో పాన్ కొట్టు కావచ్చు, వాళ్ళ డాబా కావచ్చు, మధ్యాహ్నం రెండు దాటితే మంచం కూడా కావచ్చు. ఆంథ్రోపాలజీ పీజీ చదివేవాడికి ప్రపంచమంతా ఫీల్డే. పెళ్ళికి తీసుకెళ్తే భోజనాల బంతిలో ఎవరి పక్కన ఎవరు కూచున్నారో రాసుకుంటాడు, వడ్డనకి మాత్రం లేవడు.

ఆఖరి సెమిస్టరుకి ఇంటర్న్‌షిప్పో థీసిసో తేల్చుకోమన్నారట. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. పొద్దున ఇడ్లీల దగ్గర వాడు ఇంటర్న్‌షిప్ మనిషి: ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరితే సూరత్ మరమగ్గాలకి వలసపోయిన గంజాం కుర్రాళ్ళ కుటుంబాలతో పనిచెయ్యొచ్చు, సర్టిఫికెట్ వస్తుంది, ఉద్యోగానికి దారి పడుతుంది. రాత్రికి థీసిస్ మనిషి: "సంస్థకి కావలసింది రిపోర్టు, అన్నయ్యా. అందులో మనుషులుండరు, లబ్ధిదారులుంటారు." రెండు పూటలా నిజమే చెబుతాడు. అదే మా ఖర్మ.

"గిడుగు రామమూర్తి పంతులుగారు ఏ ఇంటర్న్‌షిప్ చేసి సవర భాష నేర్చుకున్నారు? అప్పట్లో పర్లాకిమిడి మన గంజాం జిల్లాయే!" అని ఓ రోజు లేచాడు.

"ఆయన బడిపంతులురా. నెల తిరిగేసరికి జీతం తెచ్చేవారు," అంది పిన్ని పోపు వేస్తూ.

వెంటనే వెరియర్ ఎల్విన్‌ని లాక్కొచ్చాడు. 1955లో సవరల మతం మీద అంత లావు పుస్తకం అచ్చేసిన ఆ దొర కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం, క్రైస్తవ మతశాస్త్రమేనట. "మరి నీకు ఫీజులెందుకు కడుతున్నట్టు?" అన్నాడు బాబాయి, పేపరు దించకుండానే.

అయినా వాణ్ణి పూర్తిగా తిట్టబుద్ధి కాదు. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర. బుఢీ ఠాకురాణి దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది, మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. ఆ సందడిలో మావాడు ఒక పులివేషం కుర్రాడి పక్కన, ఒంటి రంగు ఆరేదాకా కూచున్నాడు. సూరత్‌లో మగ్గం నడుపుతాడట అతను, మొక్కు కోసం సెలవు పెట్టి వచ్చాడు. మావాడు మంచినీళ్ళిచ్చాడు, విన్నాడు, నోటు పుస్తకం సంచిలోంచి తియ్యనే లేదు. అంత శ్రద్ధగా వినేవాణ్ణి మా వంశంలో నేను చూడలేదు. మేమంతా మాట్లాడే రకం.

తిరిగొస్తూ అడిగాడు: "అన్నయ్యా, ఇది ఇంటర్న్‌షిప్ కిందకొస్తుందా, థీసిస్ కిందకా?"

తొందరపెడితే గిడుగువారి సవర మాన్యువల్ 1931లో వచ్చిందనీ, అప్పటికి ఆయనకి అరవయ్యేడు దాటాయనీ లెక్క చెబుతాడు. రెండు దరఖాస్తులూ నింపి బీరువా మీద పెట్టాడు. గడువు శుక్రవారం. గంజాం వైపు కుర్రాడు కావలసిన సంస్థవారు గానీ, ఓపికున్న గైడుగారు గానీ ఉంటే చెప్పండి. ముందెవరు పిలిస్తే వాళ్ళకే పంపేస్తాం.