ఇది జూదం కాదు స్వామీ

కిందటి డిసెంబరులో పదకొండుమంది స్వాములం చెంగన్నూరు స్టేషన్లో దిగాం. నెత్తిన ఇరుముళ్లు, కాళ్లకు చెప్పుల్లేవు. ప్లాట్‌ఫారం దాటామో లేదో, అట్టముక్కకు క్లిప్పులతో టికెట్లు తగిలించుకున్న ఓ పెద్దాయన ఎదురొచ్చి "సామీ, క్రిస్మస్ బంపర్! ఇరవై కోట్లు!" అన్నాడు. పరాయి గడ్డ మీద తెలుగు విని మాకు కళ్లు చెమర్చాయి.

అందరం గురుస్వామి వైపు చూశాం. మండలం పాటు మా చేత సిగరెట్లు మాన్పించి, చలిలో చన్నీళ్ల స్నానాలు చేయించిన మనిషాయన. "దీక్షలో జూదం పనికిరాదు" అంటూనే ఒక టికెట్ అందుకుని అటూ ఇటూ తిప్పాడు. కేరళ ప్రభుత్వ ముద్ర కనబడింది. మొహం విప్పారింది. "ఇది జూదం కాదు స్వామీ, డిపార్ట్‌మెంటు" అని మొలలోంచి 400 తీశాడు. ఆయన వెనకే మేమూ తలో టికెట్ తీసుకున్నాం.

మహిమంతా ఆ ముద్రలో ఉంది. మా ఊళ్లో తుమ్మచెట్టు కింద నలుగురు కూర్చుని పంచుకునే ముక్కలకు ముద్ర లేదు గనక వాళ్లు 'పేకాట రాయుళ్లు'. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో: ముందు 52 ముక్కలు, చిల్లర నోట్లు, వెనక తలలు వంచుకున్న రాయుళ్లు. కేరళలో అదే ఆశకు 1967లో ఆర్థికమంత్రి పి.కె. కుంజు ఏకంగా ఒక శాఖనే పెట్టించారు. అప్పట్లో టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50,000.

చట్టం లేదనుకునేరు. 1998లోనే వచ్చింది. ఏ లాటరీకీ వారానికి ఒక్క డ్రా మించరాదంది. కేరళ శిరసావహించింది. సోమవారం భాగ్యతార, మంగళవారం స్త్రీశక్తి, బుధవారం ధనలక్ష్మి... ఆదివారం సమృద్ధి దాకా రోజుకో పేరు. ఏ పేరుకైనా వారానికి ఒక్కటే డ్రా! బంపర్లు ఏడాదికి ఆరు దాటరాదంది. క్రిస్మస్, సమ్మర్, విషు, మాన్సూన్, ఓణం, పూజ: వేళ్ల మీద లెక్కేసుకోండి, ఆరే. చట్టాన్ని ఇంత అక్షరాలా పాటించే ప్రభుత్వాన్ని నేనెక్కడా చూడలేదు.

ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్రం ఆ మాటను మన్నించింది. జూదాన్ని ఆపలేదు గానీ పన్ను వేసింది. 28 శాతమున్న జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 అయింది.

తగిలినవాడి సుఖం వేరే. 2022 ఓణం బంపర్ 25 కోట్లు తిరువనంతపురంలో ఓ ఆటో డ్రైవరుకు తగిలింది. ఏజెంటు వాటా, ఆదాయపు పన్ను, దాని మీద సర్‌ఛార్జి పోగా మిగిలేదాని కోసం జనం ఆయన ఇంటి ముందు బారులు తీరారు. వారం తిరక్కుండానే, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని వాపోయాడు పాపం.

నీతికి మనమే పేటెంటుదారులమని మురిసిపోనక్కర్లేదు. అమెరికాలో నెవాడా ఉంది. లాస్ వేగాస్ ఉన్న రాష్ట్రం. విమానం దిగి సామాను తీసుకునేలోపే స్లాట్ మెషిన్లు పలకరిస్తాయి. లాటరీ మాత్రం నిషిద్ధం. రాష్ట్ర రాజ్యాంగమే ఒప్పుకోదు. (కేసినోలకు పోటీ గిట్టదని గిట్టనివాళ్లంటారు.) పవర్‌బాల్ టికెట్ కావాల్సినవాడు కారేసుకుని కాలిఫోర్నియా సరిహద్దులోని ప్రిమ్ దగ్గర కొట్టుకు వెళ్లి ఎండలో వరసలో నిలబడతాడు. నల్లబట్టలూ ఇరుముడీ తక్కువ గానీ, అచ్చం మనవాళ్లే.

మన రెండు రాష్ట్రాల్లో లాటరీ టికెట్లు అమ్మనివ్వరు. మంచిదే. పార్టీలకు ఆ పట్టింపు లేదు. 2024 మార్చిలో ఎన్నికల బాండ్ల చిట్టా బయటపడితే, అందరికంటే ఎక్కువగా 1,368 కోట్లకు కొన్నది లాటరీల వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్. ఆ టికెట్లకు డ్రా ఎప్పుడు తీశారో, ఏ నంబరు తగిలిందో మాత్రం ఎవరూ ప్రకటించలేదు.

మాలలు తీశాక స్వామి పిలుపులు పోయాయి. బంపర్ డ్రా అయిన సాయంత్రం గురుస్వామి నుంచి ఫోన్.

"ఏరా, నీదేమైనా తగిలిందా?"

"లేదన్నా. నీది?"

"ప్చ్. సర్లే, తుమ్మచెట్టు దగ్గరికి రా. ఒక చెయ్యి తక్కువైంది."