క్లీన్ కొట్టు తమ్ముడూ!

ఆ ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద మొదలై, ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి, హయత్‌నగర్ మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ దాకా, కాలేజీ బస్సు ఎక్కడ ఆగితే అక్కడ వేలాడుతోంది. కోడింగ్ రానక్కర్లేదట. ఒక్క రోజు చాలట. నోటితో చెబితే ఏఐ రాసిపెడుతుందట. ఒక్కటే కోడ్, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పరుగులట. సాయంత్రానికి యాప్ ప్లే స్టోర్‌లో, సర్టిఫికెట్ చేతిలో. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళదేనట. మొత్తం ఫ్లెక్సీలో నమ్మదగ్గ మాట ఆ భోజనం ఒక్కటే.

ఒక్కసారి రాస్తే అన్నిచోట్లా నడుస్తుందన్న పాట కొత్తదేమీ కాదు. 1995లో సన్ కంపెనీ జావాను తెచ్చినప్పుడు పాడింది ఇదే. 2009లో ఫోన్‌గ్యాప్ వచ్చింది. 2011లో అడోబీ దాన్ని కొన్నది, 2020లో మూసేసింది. జామరిన్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో కొన్నది, 2024 మే 1తో చేతులు దులుపుకుంది. ఫేస్‌బుక్ 2015లో రియాక్ట్ నేటివ్‌ను వదిలితే, దాన్ని నెత్తిన పెట్టుకున్న ఎయిర్‌బీఎన్‌బీ 2018లో ఇక మాకొద్దని కిందకు దించింది. అదే ఏడాది డిసెంబర్‌లో గూగుల్ ఫ్లట్టర్ 1.0 విడుదల చేసింది. వీటిలో మంచి సరుకు లేదని నేననను. వీటితో కడుపు నింపుకుంటున్నవాళ్ళు హైటెక్ సిటీ నిండా ఉన్నారు. నా పేచీ సరుకుతో కాదు, మా హైదరాబాద్ తూర్పు వైపు దాన్ని అమ్ముతున్న తీరుతో.

కొత్తగా చేసిన ఆ యాప్ అసలు స్టార్టే కాకపోతే? ఆ సంగతి ఫ్లెక్సీ మీద లేదు. ఆ సంగతి మా గేటు దగ్గర ఉంటుంది. కాలనీలో కంప్యూటర్ తెలిసినవాడినని నాకు పేరు పడింది. అందుకని హాస్టల్ పిల్లలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేస్తారు. "అన్నా, క్లాసుల నడిచింది. రూముల ఓపెన్ అయితలేదు."

క్లాసులో ఏం జరుగుతుందో వాళ్ళే చెబుతారు. కుర్రాడు రన్ నొక్కుతాడు. యాప్‌ను బిల్డ్ చేసే గ్రేడిల్ తిరుగుతుంది, తిరుగుతుంది, చివరికి తెర నిండా ఎర్ర అక్షరాలు. ట్రైనర్ గారు వెనక నుంచి నడిచొస్తూ, తెర వైపు చూడకుండానే, మందు రాసేస్తారు: "క్లీన్ కొట్టు తమ్ముడూ." ఫ్లట్టర్ అయితే ఫ్లట్టర్ క్లీన్. రియాక్ట్ నేటివ్ అయితే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ డిలీట్. దానికీ లొంగకపోతే ఆండ్రాయిడ్ స్టూడియోలో క్యాష్ తుడిచి రీస్టార్ట్. ఆ పైన సిస్టమే రీస్టార్ట్. తర్వాత స్టూడియోను పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్. ఆఖరికి విండోస్ ఫార్మాట్. అప్పటికీ యాప్ లేవకపోతే మార్చడానికి మిగిలేది కుర్రాడొక్కడే.

ఈ క్లీన్ మహిమ గురించి కొంచెం ఓపిగ్గా మాట్లాడుకుందాం. ఫ్లట్టర్ క్లీన్ చేసేదేమిటి? ప్రాజెక్టులోని బిల్డ్ ఫోల్డర్‌నూ, డార్ట్ టూల్ ఫోల్డర్‌నూ, అలా తయారైన మరికొన్ని ఫైళ్ళనూ తీసేస్తుంది. పాత బిల్డ్ తాలూకు మిగులు అడ్డం పడి ఉంటే దారి తెరుచుకుంటుంది, నిజమే. అంతకు మించి దానికి శక్తుల్లేవు. మీ జావా వెర్షన్ మార్చదు. మీ కోట్లిన్ వెర్షన్ పెంచదు. ఫైర్‌బేస్ ఫైల్‌లో ఒక ప్యాకేజీ పేరు, యాప్‌లో ఇంకో పేరు ఉంటే రెంటికీ రాజీ కుదర్చదు. కానీ ఎప్పుడో ఒకసారి పనిచేసింది కదా! ఇక సర్వరోగ నివారిణి అదే.

ఒక్క ఎర్రర్ తీసుకుందాం. ఈ మధ్య మా గేటు దగ్గరికి అందరికంటే ఎక్కువగా వచ్చే చుట్టం అదే: "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65". క్లీన్ కొట్టారు. పోలేదు. మళ్ళీ కొట్టారు. ఈసారి ఇంకొంచెం గట్టిగా కొట్టినట్టున్నారు, అయినా పోలేదు. ఆ వాక్యంలో అంకె ఒక్కటే ఉంది. అందులోంచి 44 తీసేయండి. 21 వస్తుంది. మూడో తరగతి లెక్క. మీ మిషన్ జావా 21 మీద నడుస్తోంది, ప్రాజెక్టులో ఉన్న పాత గ్రేడిల్‌కు ఆ జావా చదవడం రాదు. అది చెప్పదలుచుకున్నది అంతే. గ్రేడిల్ 8.5 నుంచి జావా 21 మీద నడుస్తుంది. కాబట్టి గ్రేడిల్‌ను పెంచాలి, లేదా జావాను ఆ గ్రేడిల్‌కు పడే మెట్టుకు దించాలి.

మరి నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టుకు ఇవాళేమొచ్చింది? 2024 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ స్టూడియో తన వెంట జావా 21ని తెచ్చుకుంది. అప్‌డేట్ నొక్కినవాడి పాత ప్రాజెక్టు పడుకుంది. కారణం ఉంది, తేదీ ఉంది, మందూ ఉంది. వీటిలో దేనికీ క్లీన్‌తో బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు.

ఇంకా ధైర్యవంతులైన గురువులున్నారు. వాళ్ళు యూజర్ ఫోల్డర్‌లోని డాట్ గ్రేడిల్‌నే లేపేయమంటారు. లేపేశాక అదంతా మళ్ళీ దిగాలి. వందల ఎంబీలు, హాస్టల్ రూములో, ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో. రాత్రి పన్నెండు దాటి కొత్త కోటా పడేదాకా ఆ పిల్లవాడు మేలుకుని కూర్చోవాలి. ఆ రీఛార్జి గురువుగారు చేయిస్తారా?

దిగితే అదృష్టమే అనుకోవాలి. దిగనివీ ఉన్నాయి. పాత ప్రాజెక్టుల్లో చాలా లైబ్రరీలు జేసెంటర్ అనే గోదాము నుంచి వచ్చేవి. దాన్ని మూసేస్తున్నామని 2021లోనే చాటింపు వేశారు. 2024 ఆగస్టులో దారిని పూర్తిగా మావెన్ సెంట్రల్ అనే ఇంకో గోదాము వైపు మళ్ళించారు. అక్కడ లేని లైబ్రరీ ఇక దొరకదు. అంటే ఆ కుర్రాడి లాప్‌టాప్‌లో మిగిలిన కాపీయే అతనికి ఆధారం. దాన్ని అతని చేతే తుడిపించారు. రోగం తగ్గలేదు సరే, రోగి ఆస్తి కూడా పోయింది.

ఇప్పుడీ గురుపీఠం మీద ఏఐ కూర్చుంది. ఫలానా చోట తప్పు ఉందని గ్రేడిల్ తానే "వాట్ వెంట్ రాంగ్" అని శీర్షిక పెట్టి మరీ రాస్తుంది. మనవాడు దాన్ని వదిలేసి, బిల్డ్ ఫెయిలైందన్న ఒక్క ముక్క కాపీ చేసి చాట్‌లో అతికిస్తాడు. అంతే చెబితే అదైనా ఏం చేస్తుంది? ముందు క్లీన్ కొట్టమంటుంది. తర్వాత కొన్ని ఫైళ్ళలో వెర్షన్లు మారుస్తుంది. పోలేదంటే క్షమాపణ చెప్పి ఇంకోలా మారుస్తుంది. మళ్ళీ పోలేదంటే ఇంకా వినయంగా క్షమాపణ చెప్పి మొదటికే తెస్తుంది. ఇంత మర్యాద మా ట్రైనర్లలో లేదు, ఆ మాత్రం అభివృద్ధిని ఒప్పుకోవాలి.

మిగతా వింతలు గబగబా చెప్పేస్తాను. ఐఫోన్ యాప్ బిల్డ్ చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది యాపిల్ మిషన్ల మీదే నడుస్తుంది. ఆ "రెండు ఫోన్ల కోర్సు" చెప్పే గదిలో వెతికినా ఒక్క మ్యాక్ ఉండదు. ప్లే స్టోర్‌లో వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచినవాడు కనీసం 12 మంది చేత వరసగా 14 రోజులు పరీక్ష చేయిస్తేగాని యాప్‌ను జనంలోకి వదలనివ్వరు. సాయంత్రానికి స్టోర్‌లో అన్నది ఏ సాయంత్రమో! కామ్ డాట్ ఎగ్జాంపుల్ అన్న పేరుతో ఉన్న యాప్‌ను ప్లే స్టోర్ తీసుకోదు. సర్టిఫికెట్లు అందుకున్న యాప్‌లన్నిటికీ అదే ఇంటిపేరు. ఎమ్యులేటర్‌తో కలిపి నడవాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని గూగులే చెబుతుంది. పిల్లల దగ్గర ఉన్నది 8. విండోస్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెట్టి చూడండి, నీ దారిలో పరాయి అక్షరాలున్నాయంటూ ఆండ్రాయిడ్ బిల్డ్ గుమ్మంలోనే ఆపేస్తుంది.

నవ్వుకోవడానికి ఇంతవరకు బాగానే ఉంది. అసలు కంపు ఫైనలియర్‌లో ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో మెట్లెక్కితే ప్రాజెక్టులు దొరుకుతాయి. మినీ ప్రాజెక్టుకు ఒక రేటు, మేజర్ ప్రాజెక్టుకు ఒక రేటు. బ్యాచ్‌కు ఇంతని మాట్లాడుకోవాలి. సోర్స్ కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, బేస్ పేపర్, అన్నీ కలిపి పెన్‌డ్రైవ్‌లో పోసి ఇస్తారు. "ఎగ్జిక్యూషన్ గ్యారంటీ" అంటారు. అంటే వైవా ముందు రోజు యాప్ లేవకపోతే ఎనీడెస్క్‌లో వచ్చి లేపుతారన్నమాట. ఏం మార్చారో చెప్పరు. చెబితే రేపు ఇంకొకడు కొనడు కదా. నాలుగేళ్ళు చదివిన ఇంజనీరు చేతులు కట్టుకుని, తన లాప్‌టాప్‌లో ఎవడిదో మౌస్ కదులుతుంటే చూస్తూ కూర్చుంటాడు.

ఈ దుకాణాలు ఎవరి అండతో నడుస్తున్నాయో హైవే పక్క కాలేజీలకు తెలియదా? తెలుసు. రివ్యూలో వాళ్ళు మార్జిన్ కొలుస్తారు. ఫాంట్ సైజు చూస్తారు. స్పైరల్ బైండింగా, హార్డ్ బైండింగా అని గద్దిస్తారు. కాపీ శాతం ఎంతో మిషన్‌కు వేసి లెక్క తీస్తారు. యాప్ తెరిచి చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. తెరుచుకోకపోతే ఎందుకు తెరుచుకోలేదో చెప్పమనేవాళ్ళు ఇంకా తక్కువ. అడిగితే జవాబు తమకూ తెలిసుండాలి, అదీ చిక్కు.

ఒకమ్మాయి యాప్ కాలేజీలో చక్కగా నడిచింది. ఏపీకే చేసి ఊళ్ళో అమ్మ ఫోన్‌కు పంపింది. అక్కడ తెరిస్తే ఖాళీ తెల్ల తెర, ఒక్క అక్షరం రాలేదు. కారణం ఒకే ఒక్క లైను. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్ అనుమతిని డీబగ్, ప్రొఫైల్ మానిఫెస్టుల్లో మాత్రమే పెడుతుంది. అసలు మానిఫెస్టులో మనమే రాసుకోవాలి. ఈ ముక్క ఫ్లట్టర్ వాళ్ళ సొంత పత్రాల్లోనే ఉంది. చెప్పినవాడు లేడు, చదవమన్నవాడు లేడు. "నాకు కోడింగ్ రాదేమో అన్నా" అంది ఆ పిల్ల. నాకు ఒళ్ళు మండింది. నీకు రాకపోవడం కాదమ్మా, నీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళకు నేర్పడం రాదు. నేర్పే ఉద్దేశమూ లేదు.

ఎర్రర్ అంటే తిట్టు కాదు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మిషన్ ఇచ్చిన వాంగ్మూలం. అది పొడవుగా ఉంటుంది, భయపెట్టేలా ఉంటుంది. అందులో "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లుంటాయి, వాటిలో అన్నిటికంటే కిందది పట్టుకుంటే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. ఈ చదువు ఏ ఒక్క టూల్‌దీ కాదు. ఫోన్‌గ్యాప్ పోయినా ఇది పోదు, జామరిన్ పోయినా పోదు, రేపు ఫ్లట్టర్ పోయినా పోదు. కంపెనీలో చేరాక మొదటి నెలలో చేసే పని కూడా ఇదే, ఇంకొకడు రాసిన ప్రాజెక్టు తన మిషన్ మీద లేపడం. ఉద్యోగానికి పనికొచ్చే ఒక్క విద్యను వదిలేసి మిగతావన్నీ ఒక్క రోజులో నేర్పుతామంటే, దాన్ని శిక్షణ అనరు. పట్టపగలు జేబు కొట్టడం అంటారు.

నల్గొండ, సూర్యాపేటల నుంచి ఈ విజయవాడ రోడ్డు మీదే తండ్రులు వస్తారు. బాటసింగారం మార్కెట్లో బత్తాయి లాటు కొనేవాడు కాయ కోసి చూడనిదే ధర పలకడు. ఆ కాయలు పండించిన మనిషే కొడుకు కోర్సు దగ్గరికొచ్చేసరికి ఏసీ గదిని, గాజు తలుపును, గోడ మీది కంపెనీల లోగోలను చూసి నోట్లు లెక్కపెడతాడు.

అయ్యా, ఆ నోట్లు తీసే ముందు ఒక్క పని చేయండి. మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. డెమో క్లాసులో నడిచే యాప్ చూపిస్తామంటారు, వద్దనండి. నడవని యాప్ ఒకటి తెచ్చి మీ ముందు తెరవమనండి. తెర మీద పడ్డ ఎర్ర అక్షరాల అర్థమేమిటో మీ పిల్లవాడికి తెలుగులో చెప్పమనండి. చెప్పినచోట ఫీజు కట్టండి. "క్లీన్ కొట్టు" అన్నచోట బయటికి నడవండి.