మంచం కమ్మీకి వేలాడే వైద్యం

మా రోజుల్లో తలకు పెద్ద దెబ్బ తగిలి వచ్చినవాడికి హెపారిన్ అన్న మాటెత్తితే మా ప్రొఫెసర్ గారు కళ్ళెర్రజేసేవారు. మెదడులో నెత్తురు కారుతుంటే పల్చబరిచే మందేమిటని! ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సీటీ స్కాన్ కావాలంటే రోగిని అంబులెన్సులో వేరే చోటికి పంపాల్సిన కాలమది. లోపల రక్తం ఆగిందో పెరిగిందో కంటిపాపల్లో టార్చి వేసి ఊహించుకోవడమే.

అందుకని, కదలకుండా పడున్న మనిషి కాళ్ళ సిరల్లో నెత్తురు గడ్డకట్టకుండా చూసే చాకిరీ అంతా సిస్టర్లదే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, పాదాలు పట్టుకుని పైకీ కిందికీ ఆడించాలి, రెండు పిక్కలూ టేపుతో కొలవాలి. ఒకటి లావెక్కిందా, డాక్టరుకి కబురు. ఇంటివాళ్ళు నూనె రాసి కాళ్ళు పిసకబోతే కసిరేదాన్ని. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కడు మరి.

ఇప్పుడు నర్సింగ్ పిల్లల్ని ఐసీయూకి తీసుకెళ్తుంటాను కదా, చూస్తే ఒళ్ళు మండుతుంది. కాళ్ళలో కట్టే ఈ గడ్డల్ని (డీవీటీ) ఆపే పంపు ఉంది, కాళ్ళకి గాలి తొడుగులున్నాయి. స్కానింగుకని విప్పుతారు, అంతే, ఆరేసిన పంచెల్లా మంచం కమ్మీకి వేలాడుతుంటాయి. చార్టులో మాత్రం టిక్కు పడిపోతుంది! ఇక తొడల దాకా లాగే మేజోళ్ళు: చర్మం లేచిపోతోందని మేం మొత్తుకుంటే విన్నవాడు లేడు. పక్షవాతం రోగుల మీద పెద్ద పరీక్ష చేసి, అవి గడ్డల్ని ఆపట్లేదు, పుండ్లు తెస్తున్నాయని 2009లో తేల్చాక అప్పుడు తలూపారు.

నెత్తురు గడ్డకట్టకుండా వేసే సూది దగ్గర ఈ కాలానిదే పైచేయి, కాదనను. 1994లో కెనడాలో పెద్ద గాయాలైనవాళ్ళ సిరల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే సగానికి పైగా మందికి కాళ్ళలో గడ్డలు బయటపడ్డాయి. తల దెబ్బవాళ్ళదీ అదే వరస. ఇప్పుడు రెండో సీటీలో రక్తస్రావం పెరగలేదని చూసుకుని, చాలామందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో పొట్ట చర్మం కింద ఎనాక్సాపరిన్ మొదలుపెడతారు. ఆపరేషనైతే ఇంకాస్త ఆగుతారు, అదీ సబబే.

కానీ మొదలుపెట్టేదెవరు? ఐసీయూ డాక్టర్ని అడిగితే న్యూరో సార్ చెప్పాలంటాడు. ఆ సార్ రౌండుకొచ్చి రేపు చూద్దామంటాడు. తెల్లారితే డ్యూటీ మారుతుంది, కొత్తమ్మాయికి ఆ సంగతే తెలియదు. సీటీ బాగుందన్న రిపోర్టు కేస్‌షీట్లోనే ఉంటుంది, మందు మాత్రం అయిదో రోజుకీ ఫార్మసీ దాటి రాదు.