నౌకాసంఖ్యా పద్యానికి కోనప్పన అగ్రహార టీక

మూలము

ఓడలెన్ని గలవొ యొక్కరుం జెప్పరు
తేది లేని లెక్క తెప్ప వోలె
కొట్టుకొనుచుఁ బోవుఁ గొండొక దినమున
మూలమొకటి చూపి ముడిని వేయు.

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఎవరన్న వివాదం లేదు. పద్యమూ మాదే, టీకా మాదే. ఇతరుల పద్యానికి టీక రాస్తే కవి హృదయం తెలియలేదన్న నింద పడుతుంది. సొంత పద్యమైతే ఆ భయం సగం తగ్గుతుంది. అయితే వికీపీడియా వారి ధర్మశాస్త్రం ప్రకారం ఇది మౌలిక పరిశోధన కిందికి వస్తుంది, అది అక్కడ నిషిద్ధం. కనుక ఈ టీకను ఎవరూ అక్కడ మూలంగా చూపరాదని ముందే మనవి.

రచనా స్థలం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ. ఆర్.కె. బాళిగ గారి ఊహ మీద కియోనిక్స్ సంస్థ 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లోని 332 ఎకరాల్లో దీన్ని నాటింది. ఇంతకాలం అగ్రహారంలో అద్దె కడుతూ ఒక్క టీకైనా రాయకపోవడం మాకే బాగోలేదు. ఊరు సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. దగ్గర్లోని పెద్ద రేవు చెన్నై, సుమారు 350 కిలోమీటర్లు. అందువల్ల ఓడల గురించి ఇక్కడ నిర్భయంగా మాట్లాడవచ్చు.

ప్రసంగవశం చెప్పాలి. మా ఆఫీసుకి ఒక విదేశీ నౌకా సంస్థ క్లయింటు. పేరు అనవసరం. "వికీపీడియాలో మా పేజీ పాతబడింది, సరిచేసి ఎప్పటికప్పుడు తాజాగా ఉంచగలరు" అని ఒక టికెట్ పంపింది. హిందూపురం నుంచి కొత్తగా చేరిన గంగాధరకి అది అప్పగించారు. అతడు సాయంత్రానికి అయిపోతుందనుకున్నాడు. ఈ టీక అతని శంకల నుంచే పుట్టింది.

ప్రతిపదార్థము

ఓడలు = నౌకలు. ఎవరివి? ఇది పిల్లలడిగే ప్రశ్నలా ఉంటుంది గాని పండితులే తేల్చలేకపోయారు. 2021 మార్చి 23న సూయజ్ కాలువకి అడ్డంగా ఇరుక్కున్న 400 మీటర్ల ఓడ పేరు ఎవర్ గివెన్. పక్కన పెద్దక్షరాల్లో ఎవర్‌గ్రీన్ అని రాసి ఉండేది, అది నడిపే తైవాన్ కంపెనీ పేరు. యజమాని జపాన్‌లోని షోయీ కిసెన్. ఎగరేసే జెండా పనామాది. సాంకేతిక నిర్వహణ జర్మన్ మూలాలున్న బెర్న్‌హార్డ్ షుల్టే వారిది. సిబ్బంది 25 మంది, అందరూ భారతీయులు. ఇప్పుడు ఈ ఒక్క ఓడని ఎవరి పేజీలో లెక్కించాలి? నలుగురూ లెక్కించుకుంటే ప్రపంచంలో ఓడలు ఉన్నవాటికి నాలుగింతలవుతాయి. ఎవరూ లెక్కించకపోతే కాలువలో ఇరుక్కున్నది ఏమిటి?

ఎన్ని = ఎంత సంఖ్య గలవి. సొంతంగా కొన్నవి, అద్దెకి తీసుకున్నవి, ఇతరుల కోసం నిర్వహించేవి, ఇంకా యార్డులో తయారవుతున్నవి, గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కుగా బయల్దేరినవి. సంస్థవారి ప్రకటనలో ఇవన్నీ కలిసిపోయి ఒకే అంకె అవుతుంది, అదీ ఎప్పుడూ పెద్దదే. అప్పులిచ్చిన బ్యాంకుకి చూపించే లెక్కలో అదే అంకె చిన్నదవుతుంది. విజ్ఞాన సర్వస్వం రాసేవాడు ఈ రెంటి మధ్య నిలబడాలి.

గలవొ = ఉన్నవో. వర్తమానార్థకం. దీనిమీద ఎంత రాసినా తక్కువే. దక్షిణ కొరియాకి చెందిన హాన్‌జిన్ షిప్పింగ్ 2016 ఆగస్టు చివర కోర్టుని ఆశ్రయించింది. డబ్బులు రావేమోనని రేవులు దాని ఓడల్ని లోనికి రానివ్వలేదు. సరుకుతో సహా అవి నడిసముద్రంలో నిలబడిపోయాయి. 2017 ఫిబ్రవరిలో దివాలా ఖాయమైంది. ఈ మధ్యకాలంలో ఆ పేజీలో ఏ క్రియ వాడాలి? ఓడలు ఉన్నాయి, సరుకు ఉంది, నావికులు ఉన్నారు. కంపెనీ మాత్రం ఉన్నట్టా, లేనట్టా? ఏ వ్యాకరణమూ ఊహించని కాలమది.

మనవైపు సింధియా సంగతి వేరు. వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు 1919లో స్థాపించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ ఎస్.ఎస్. లాయల్టీ ఆ ఏడాది ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది. జాతీయ నౌకాయాన దినం ఆ తేదీనే జరుపుకుంటున్నాం. విశాఖ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో శంకుస్థాపన చేయించిందీ ఆ కంపెనీయే. అక్కడ తయారైన జల ఉష నౌకని 1948 మార్చి 14న నెహ్రూ గారు నీళ్లలోకి దింపారు. 1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ ఓడలు ఈనాడు సముద్రం మీద కనపడవు. విశాఖలో ఆటో ఎక్కి "సింధియా" అంటే మాత్రం సరిగ్గా తీసుకెళ్లి దింపుతారు. ఆ ఆటో డ్రైవర్ వాడే క్రియ ఎప్పుడూ వర్తమానమే. వికీపీడియా రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. "ఉంది" అన్నది "ఉండేది" అయ్యే రోజు కోసం అతడు కనిపెట్టుకుని ఉండాలి.

ఒక్కరుం జెప్పరు = ఒక్కరైనను చెప్పరు.

శంక: చెప్పకపోవడమేం? కంపెనీలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు కదా.

సమాధానం: తెలియడం వేరు, ప్రమాణం వేరు. గౌతముడి న్యాయశాస్త్రంలో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. వికీపీడియా మొదటి మూడింటినీ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. "నేను డెక్కు మీద నిలబడి లెక్కపెట్టాను" అంటే చెల్లదు. రెండు వార్తలు కలిపి "కనుక ఇన్ని ఉండాలి" అని తేల్చినా చెల్లదు. శబ్దమొక్కటే ప్రమాణం, అదీ ఆ కంపెనీతో సంబంధం లేని ఆప్తులు అచ్చు వేసిన శబ్దం. చార్వాకుడు ప్రత్యక్షాన్ని తప్ప దేన్నీ నమ్మలేదు. ఇక్కడ సరిగ్గా దానికి తలకిందులు. ఈ పద్ధతి మాకు మొదట నచ్చలేదు. క్లయింటు పంపిన పత్రాలు చదివిన తర్వాత గౌరవం పెరిగింది.

తేది లేని లెక్క = “ఫలానా నాటికి” అను మాట లేని సంఖ్య. పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాని చూడండి. ఈస్టర్న్, వెస్టర్న్ అనే రెండు ప్రభుత్వ సంస్థల్ని కలిపితే 1961 అక్టోబరు 2న పుట్టింది. అప్పుడు ఓడలు 19. ఆ అంకె ఏనాటికీ తప్పు కాదు, ఎందుకంటే దానికి తేదీ ఉంది. 2008లో నవరత్న హోదా వచ్చింది, అదీ భద్రమే. "ప్రస్తుతం" అని మొదలయ్యే వాక్యాలతోనే చిక్కు. రాసినవాడి ప్రస్తుతం చదివేవాడికి గతం. ముంబైలోని షిప్పింగ్ హౌస్ ఆ సంస్థ కేంద్ర కార్యాలయం. అమ్మకానికి సిద్ధం చేసే క్రమంలో ఆ భవనాన్నీ, పొవాయిలోని శిక్షణ సంస్థనీ విడదీసి షిప్పింగ్ కార్పొరేషన్ ల్యాండ్ అండ్ అసెట్స్ అనే మరో కంపెనీ కింద పెట్టారు. అది 2024లో స్టాక్ మార్కెట్‌లోకీ వచ్చింది. చిరునామా మారలేదు, గోడలు మారలేదు, ఇంటివాడు మారాడు. పైపైన చూసి దిద్దేవాడికి ఇది ఎలా తెలుస్తుంది?

"ప్రపంచంలోకెల్లా పెద్దది" అన్న విశేషణం ఇంకా ప్రమాదం. కంటెయినర్ రవాణాలో ఆ మాట ఏళ్ల తరబడి మేర్స్క్‌కి చెల్లింది. 2022 జనవరిలో సామర్థ్యం లెక్కన ఎంఎస్‌సీ దాటిపోయింది. ఆనాటి నుంచి ఎన్ని పాఠ్యపుస్తకాల్లో, ఎన్ని క్విజ్ పుస్తకాల్లో పాత జవాబు మార్కులు తెచ్చుకుంటోందో!

ప్రసక్తానుప్రసక్తం: ఎలక్ట్రానిక్ సిటీలో కంపెనీలు ఎన్ని అని అడిగి చూడండి. ప్రతివాడూ ఒక అంకె చెబుతాడు. ఏ ఏటిదని అడిగితే మెట్రో ఎక్కి వెళ్లిపోతాడు. (2025 ఆగస్టు 10న పసుపు గీత మెట్రో మొదలు కాకముందు సిల్క్ బోర్డు దాకా ట్రాఫిక్‌లో కూర్చోబెట్టి అడిగే వీలుండేది.)

తెప్ప వోలె = తెప్ప మాదిరిగా. స్పష్టం.

కొట్టుకొనుచుఁ బోవుఁ గొండొక దినమున = కొన్నాళ్లకి కొట్టుకుపోవును. యతికి క, గలు కుదిరినవి. గంగాధర ఇక్కడ ఒక మంచి శంక లేపాడు.

శంక: అన్నా, పాతది కొట్టుకుపోతే మంచిదే కదా. క్లయింటు కూడా అదే అడుగుతున్నాడు. ఎప్పుడో తమ ఓడ నుంచి చమురు ఒలికిన సంగతి ఒక పేరా నిండా ఉంది, తాజా చేసేటప్పుడు తీసెయ్యమన్నాడు.

సమాధానం: నాయనా, తాజా చెయ్యడం అంటే కడిగెయ్యడం కాదు. మన జయంతి షిప్పింగ్ కంపెనీ ఉదంతం విను. మన తెలుగాయన జయంతి ధర్మతేజ 1961లో ప్రభుత్వం ఇచ్చిన కోట్ల రూపాయల అప్పుతో దాన్ని పెట్టారు. ఢిల్లీలో పెద్దపెద్దవాళ్లతో స్నేహం, చేతినిండా కొత్త ఓడలు. అయిదేళ్లు తిరిగేసరికి పార్లమెంటులో గొడవ. 1966లో చట్టం చేసి ప్రభుత్వమే యాజమాన్యాన్ని తీసుకుంది. 1971లో ఇంకో చట్టంతో వాటాలూ తీసుకుంది. 1973లో అది షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఆయన విదేశాల్లో తిరిగి తిరిగి 1970లో లండన్‌లో పట్టుబడి, ఇక్కడికి వచ్చి జైలుకి వెళ్లారు. ఇప్పుడు షిప్పింగ్ కార్పొరేషన్ పేజీని "తాజా" చేసే మహానుభావుడెవరైనా ఈ సంగతి చెప్పే వాక్యాల్ని పాతవని తీసేస్తే, ఆ ఓడలు ఆ సంస్థకి ఎలా వచ్చాయో చెప్పేదెవరు? 1986లో కలిసిన మొఘల్ లైన్ గతీ అంతే. హజ్ యాత్రికుల్ని తరతరాలుగా మోసిన కంపెనీ అది. తాజాతనం పేరుతో పేజీ చిక్కిపోతే, మిగిలేది కంపెనీ వారి బ్రోచరే.

గంగాధర ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "ఈ మాట క్లయింటుకి నువ్వే మెయిల్ పెట్టన్నా" అన్నాడు.

మూలమొకటి చూపి = ఆధారము నొకదానిని చూపించి. ఒకటే చాలునా? చాలదు గాని గణాలు ఒప్పుకోలేదు. మూలాల్లో కపట మూలాలు ఉంటాయి. విలేఖరి హడావిడిలో వికీపీడియా చూసి అంకె రాస్తాడు, తర్వాత వికీపీడియాలో ఆ అంకె పక్కన ఆ పత్రికనే ఆధారంగా చూపిస్తారు. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అన్నారు. వారి కాలంలో ఉదాహరణలు ఇంత సులభంగా దొరికేవి కావు.

ఓడల విషయంలో మాత్రం నమ్మదగ్గ మూలం ఒకటుంది: ఐఎంవో నంబరు, అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతిలో ఓడకి ఇచ్చే గుర్తింపు సంఖ్య. పేరు మారినా, యజమాని మారినా, పనామా జెండా దించి లైబీరియా జెండా ఎత్తినా ఆ ఏడంకెలు తుక్కయ్యే వరకు ఓడతోనే ఉంటాయి. 1987లో పుట్టిన పద్ధతి, 1996 నుంచి పెద్ద ఓడలకి తప్పనిసరి. అందులో చిన్న గణితం దాగుంది. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2 చేత గుణించి కూడితే వచ్చిన మొత్తంలో చివరి అంకె, ఏడో అంకెతో సరిపోవాలి. ఎవర్ గివెన్ నంబరు 9811000. 63, 48, 5, 4, తర్వాత రెండు సున్నాలు. మొత్తం 120. చివర సున్నా, ఏడో అంకే సున్నా. గణాలు కుదరని పద్యం చెవికి తెలిసినట్టు, తప్పు రాసిన నంబరు ఇక్కడ సాధారణంగా పట్టుబడిపోతుంది. యతిప్రాసలు పెట్టిన మన పూర్వులు ఇది చూస్తే ముచ్చటపడేవారు.

ముడిని వేయు = ముడిని వేయును, లేదా వేయుము. విధి అందామా, తద్ధర్మం అందామా? రెంటికీ కర్త కావాలి. పద్యంలో కర్త లేడు. అధ్యాహారం చేసుకోవాలి, అంటే బయటినుంచి తెచ్చుకోవాలి. చిక్కంతా ఇక్కడే.

పూర్వపక్షం (గంగాధర): నేనే లాగిన్ అయి అంకె మార్చేస్తే అయిపోతుంది కదన్నా. దీనికి ఇంత రామాయణం యాల?

సిద్ధాంతం: నువ్వు కర్తవి కాలేవు. డబ్బు పుచ్చుకుని దిద్దేవాడు ఎవరి సొమ్ము పుచ్చుకున్నాడో బయటపెట్టాలని వికీమీడియా ఫౌండేషన్ 2014 జూన్‌లో వాడుక నియమాల్లోనే రాసింది. బయటపెట్టాక కూడా నేరుగా వ్యాసంలో చెయ్యి పెట్టకపోవడం మర్యాద. చర్చ పేజీకి వెళ్లి, "నేను ఈ సంస్థ తరఫున జీతం తీసుకునేవాణ్ణి. ఫలానా వాక్యంలో ఈ అంకె బదులు ఈ అంకె ఉండాలి. ఆధారం ఇదిగో" అని విన్నవించుకోవాలి. సంబంధం లేని వాడుకరి ఎవరో చూసి, నచ్చితే మారుస్తాడు. ఆగలేక తొందరపడి మార్చావో, ఎవరో ఒకరు తిరగ్గొడతారు. నీ పేరూ, గంటా నిమిషంతో సహా, దిద్దుబాటు చరిత్రలో ఉండిపోతుంది.

అనగా తెలిసినవాడికి రాసే అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి తెలియదు. వీరిద్దరినీ కలిపేది చర్చ పేజీ ఒక్కటే. తెలుగు వికీపీడియాలో ఇలాంటి కబుర్లకి రచ్చబండ అని పేరు పెట్టుకున్న చోటు కూడా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ వికీలో ఓడల కంపెనీల పేజీలు తక్కువ. ఉన్నవాటిలో మొలకలు (అరకొర వ్యాసాలు) ఎక్కువ, కొన్నిచోట్ల "ఆధారం చూపాలి" అన్న గురుతులు. పాపం ఏ క్లయింటూ వాటిని తాజా చెయ్యమని టికెట్ పంపడు. మాకైతే అక్కడే పని చెయ్యాలనిపిస్తుంది. జీతం లేదు కనుక కర్తృత్వానికి అభ్యంతరమూ లేదు.

గంగాధర చివరికి విన్నపం రాశాడు. తాను ఎవరి జీతగాడో చెప్పాడు, "నాటికి" అన్న మాట వేశాడు, క్లయింటు ఇచ్చిన నౌకల జాబితా జతచేశాడు. కొన్నాళ్లకి జవాబొచ్చింది. రాసింది ఏ దేశంలోని ఎవరో తెలియదు, ఓడలంటే ప్రాణంలా ఉంది. జాబితాలోని ఒక ఓడని కిందటేడే అమ్మేశారనీ, అదే ఓడ ఇప్పుడు మరో పేరుతో మరో కంపెనీ కింద తిరుగుతోందనీ, ఐఎంవో నంబరుతో సహా చూపించి, మిగతా లెక్క సరిచేశాడు. ఆ ఓడ అమ్ముడుపోయిన సంగతి దాన్ని అమ్మిన క్లయింటుకి ఎలా తెలియజెయ్యాలన్నది వ్యాకరణ పరిధిలోకి రాదు. అందుకని టీక ఇక్కడితో సమాప్తము.