లేతు షాపులో పుట్టిన బండి

ఈ బండి తన కథ తానే చెబుతోంది. ‘నేను’ అనడానికి మాత్రం మనసొప్పదు. ఒళ్లు హైదరాబాద్‌ బాలానగర్‌లోని ఒక లేతు షాపులో పుట్టింది, గుండె ఒసాకా నుంచి వచ్చింది. ఇద్దరు తల్లుల బిడ్డ గనక ‘ఈ బండి’ అనే చెప్పుకుంటుంది.

అసలు కారులో ఎనిమిదో వంతు సైజు, రిమోట్‌తో నడిచే బగ్గీ ఇది. ఇంజను 3.5 సీసీ, ట్యాంకు 125 సీసీ. ప్రపంచ పోటీల్లో ఈ తరగతికి పెట్టిన హద్దులూ అవే.

దీని యజమాని మొదట కొన్నది కిట్టు. పెట్టె విప్పితే వరస గుర్తులు వేసిన ప్లాస్టిక్ సంచులు, వాటితో పాటు ఒక పుస్తకం. పుస్తకంలో ప్రతి స్క్రూ బొమ్మా అసలు సైజులోనే ఉంది. స్క్రూను కాగితం మీద ఆనించి చూసుకుంటే చాలు, పొరపాటు పడే వీల్లేదు. నాలుగు రాత్రుల్లో కారు తయారైంది, బాగానే పరుగెత్తింది కూడా. కానీ ముందు చక్రాలు తిరిగే కీలు సరిగ్గా అంతే ఎందుకు వెనక్కి వాలి ఉందో ఏ సంచీ చెప్పలేదు. ఆ ప్రశ్నలోంచే ఈ బండి పుట్టింది.

మొదటి ఒళ్లు 6061 రకం అల్యూమినియం, 3 మిల్లీమీటర్ల మందం. లేతు దగ్గరి పెద్దాయన రేకును చేత్తో తట్టి, “ఇది మెత్తది తమ్మీ, ఎగిరి పడితే ఒంగుతది” అన్నాడు. యజమాని వినలేదు. రెండో ఆదివారం మట్టి దిబ్బ మీంచి లేచి ముక్కు ముందుగా పడింది. అద్దం పలక మీద పెట్టి చూస్తే ఒక మూల కింద రెండు పోస్టుకార్డులు దూరాయి. కుడికి చక్కగా తిరిగే బండి ఎడమకు మొరాయించింది. మళ్లీ కోసిన ఒళ్లు 7075 రకం. అందులో జింకు కలుస్తుంది, బలం 6061కి దాదాపు రెట్టింపు. పోటీ కిట్లలో ఆ రేకే ఎందుకుంటుందో యజమానికి అప్పుడు అర్థమైంది.

కిట్టు కట్టినవాడికి ఆ ఒంగుడు ఎదురుకాదు. అదే కిట్టు గొప్పతనం, అదే లోటు కూడా. వచ్చే నెల పోటీలో దిగాలనుకునేవాళ్లు కిట్టే కొనాలి, అందులో సందేహం లేదు. బండి లోపలి లెక్క తెలియాలంటే మాత్రం ఒక్క రేకైనా సొంతంగా కోయాలి.

అన్నీ కోయలేం. డిఫరెన్షియల్ పళ్లచక్రాలు కొన్నవే. ఇంజనైతే 1936లో ఒసాకాలో మొదలైన ఓఎస్ కంపెనీది. పిస్టన్ అల్యూమినియం, దాని చుట్టూ స్లీవ్ ఇత్తడి, లోపల క్రోమియం పూత, రింగులే ఉండవు. స్లీవ్ పైకి పోయేకొద్దీ వెంట్రుకలో పిసరంత ఇరుకవుతుంది. చల్లగా ఉండగా చేత్తో తిప్పితే పైకొచ్చిన పిస్టన్ అక్కడ పట్టేస్తుంది. 100 డిగ్రీలు దాటి వేడెక్కాక స్లీవ్ పైభాగం విచ్చుకుని ఆ ఇరుకు సరిపోతుంది. పెద్దాయన దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. “ఇది నా మిషను మీద కాదు” అని గౌరవంగా కింద పెట్టాడు.

ఆయన చేసింది తక్కువేం కాదు. ఇరుసులు, షాకులు నిలబెట్టే పలకలు, ఇంజను కూర్చునే దిమ్మెలు ఆయన చేతివే. క్లచ్ పళ్లకూ పెద్ద పళ్లచక్రానికీ మధ్య సందు ఎంతుండాలో కూడా ఆయన దగ్గరే తేలింది. నోటుబుక్కు కాగితం ముక్కను పళ్ల మధ్య ఇరికించి ఇంజను బిగించాలి, తర్వాత కాగితం లాగేయాలి. మిగిలిందే సరైన సందు.

ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, నూనె. నైట్రోమీథేన్ తన ఆక్సిజన్‌లో కొంత తానే మోసుకొస్తుంది. అందుకే ఒక గ్రాము మిథనాల్‌ మండటానికి 6.4 గ్రాముల గాలి కావాలి, నైట్రోమీథేన్‌కు 1.7 చాలు. అదే గాలికి ఎక్కువ ఇంధనం మండుతుంది. నూనెలో ఆముదం ఉంది, పాలమూరు చేలల్లో పండే ఆ ఆముదమే. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగను 1.5 వోల్టుల బ్యాటరీతో వేడిచేసి ఇంజను తిప్పుతారు. అది అందుకున్నాక బ్యాటరీ తీసేసినా మిథనాల్ తగులుతుంటే తీగ ఎర్రగానే ఉంటుంది.

మొదటి ట్యాంకులు పరుగుకు కావు. ఇంధనం ఎక్కువ పెట్టి, నీలిపొగ కక్కిస్తూ, నెమ్మదిగా పిస్టన్‌ను అలవాటు చేయాలి. ఆ రోజు పెద్దాయన వచ్చి పొగలోకి వంగాడు. “ఆముదం” అన్నాడు. తను తిప్పిన ఇరుసు మీద గోరు పెట్టి ఒకసారి నిమిరాడు. యజమాని మూడో ట్యాంకు పోశాడు.