నీళ్లు పడ్డాక రండి, బోరుకు డబ్బిస్తాం

అనంతపురానికి స్టార్టప్ యోగం పట్టింది. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభించారు. దాని ప్రాంతీయ కేంద్రాల్లో మన అనంతపురం కూడా ఒకటి. కుటుంబానికో పారిశ్రామికవేత్త తయారు కావాలన్నది నినాదం. మా సీమలో ఆ లోటు ఎప్పుడుందో తెలీదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే నేల ఇది. తక్కువ వానలో జైసల్మేర్ తర్వాత మనదే రెండో స్థానమని పిల్లలు బళ్లో బట్టీ పట్టిన జిల్లా ఇది. ఇక్కడ ఏటా లక్షలకొద్దీ ఎకరాల్లో వేరుశనగ వేసి మోడం కేసి చూస్తూ కూచునేవాణ్ణి మించిన సాహస పెట్టుబడిదారు బెంగళూరు కోరమంగళలో దొరుకుతాడా?

ఇలా కొత్త కంపెనీల్లో వాటా కొనే వెంచర్ క్యాపిటల్ పెద్దలకో లెక్క ఉంది. పది కంపెనీల్లో డబ్బు పెడితే సగానికి పైగా మునుగుతాయి, రెండు మూడు పెట్టింది తిరిగిస్తాయి, ఒక్కటి తగిలిందా, మిగతా అన్నిటి నష్టం పూడ్చి పైన లాభం ఇస్తుంది. ఈ సూత్రానికి ‘పవర్ లా’ అని పేరు. దీన్ని బోధించడానికి మేనేజ్‌మెంట్ కాలేజీలు లక్షల ఫీజు తీసుకుంటాయి. మా దగ్గర దీన్ని బోర్ల లెక్క అంటారు, ఉచితంగా నేర్పుతారు.

మొదట పాయింటు పెట్టేవాడు వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టో, చేతిలో వేపపుల్ల పట్టుకునో పొలమంతా తిరిగి, ఒకచోట ఆగి, ‘ఈడ మూడించుల నీళ్లున్నాయి సామీ’ అంటాడు. ఫండుల్లో ఇదే పని చేసే కుర్రాళ్లను అనలిస్టులంటారు, కొబ్బరికాయకు బదులు ఎక్సెల్ షీటు పట్టుకుంటారు. ఆ తర్వాత తమిళనాడు తిరుచెంగోడు నుంచి రిగ్గు దిగుతుంది. అడుగుకింత అని రేటు. కింద నల్లరాయి తగిలినా, దుమ్ము లేచినా, నీళ్లు చిమ్మినా ఆ రేటు మారదు. వెయ్యి అడుగులు దిగి దుమ్ము మాత్రమే వస్తే రైతు ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకుంటాడు. రిగ్గు మాత్రం పక్క ఊరికి పోతుంది. ఫండు నడిపేవాళ్లకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. నీళ్లు పడినా పడకున్నా ఏడాదికి దాదాపు 2 శాతం నిర్వహణ రుసుము, పడితే లాభంలో 20 శాతం వాటా. ప్రపంచంలో రిస్కు తీసుకునేవాడి పక్కన నిలబడి ఫీజు తీసుకునే వృత్తికి ఎన్నడూ కరువు రాలేదు.

ఈ వ్యాపారానికి స్థలపురాణం కూడా ఉంది. 1946లో జార్జ్ డోరియో అనే ప్రొఫెసరు మరికొందరితో కలిసి బోస్టన్‌లో ఏఆర్‌డీసీ అనే పెట్టుబడి కంపెనీ పెట్టాడు. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీలో 70 వేల డాలర్లు పెట్టాడు. తర్వాత దాని విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఒక్క బోరులో పడ్డ నీళ్లకే అమెరికా అంతా రిగ్గులు దిగాయి. మన ఊళ్లోనూ అంతే కదా, ఒకడి పొలంలో రెండించులు పడితే చాలు, చుట్టూ నూరు గజాల్లో ఇరవై బోర్లు పడతాయి. ఆ తర్వాత మొదటి బోరు కూడా ఎండుతుంది.

మన దేశంలో ఆ పని 2021లో జరిగింది. ఒక్క ఏడాదిలో నలభైకి పైగా కంపెనీలు వంద కోట్ల డాలర్ల విలువ దాటాయి. 2023కు వచ్చేసరికి ఆ గుంపులో కొత్తగా చేరినవి రెండు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ 2024లో దివాలా కోర్టు మెట్లెక్కింది. ‘ఫండింగ్ వింటర్’ వచ్చిందని ఇంగ్లీషు పేపర్లు వాపోయాయి. వాళ్లు చలికాలం అని ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు. మా వైపు డబ్బులు కనపడకుండా పోయే కాలాన్ని కరువు అంటారు, అది రెండేళ్లకోసారి పేపర్లో రాకుండానే వస్తుంది.

సర్కారు కూడా ఊరికే కూచోలేదు. 2012 బడ్జెట్‌లో ఏంజెల్ టాక్స్ పెట్టింది. కొత్త కంపెనీ తన వాటాను అధికారి సమంజసమని ఒప్పుకున్న విలువకంటే ఎక్కువకు అమ్మితే, ఆ ఎక్కువను ఆదాయం కింద లెక్కగట్టి పన్ను వేసేవారు. ఇంకా పడని నీళ్లకు నీటి తీరువా అన్నమాట. పన్నెండేళ్లు వసూలుచేసి, వివాదాలు పెంచి, 2024 జులై బడ్జెట్‌లో తీసేశారు. తీసేసినందుకు చప్పట్లు కొట్టించుకున్నారు కూడా.

ఇంత జరిగినా మా పిల్లలు ఆశ చావక, పెట్టుబడిదారులకు తమ ఆలోచన వినిపించే పిచ్ సభలకు పోతున్నారు. అక్కడ సాగే సంభాషణ ఇలా ఉంటుంది.

‘నేలలో తేమ చెప్పే చిన్న పరికరం సార్. వేరుశనగకు ఏ రోజు తడి పెట్టాలో ఫోన్లో తెలుగులో చెబుతుంది.’

‘చాలా బాగుంది. ఎంతమంది కొన్నారు?’

‘ఇంకా తయారుచేయలేదు సార్. తయారుచేయడానికే డబ్బులు అడగను వచ్చినా.’

‘మేం తొలిదశ పెట్టుబడిదారులం. పదివేలమంది రైతులు కొన్నాక రండి.’

‘పదివేలమంది కొంటే మీతో పనేముంది సార్?’

‘చూశారా, మీకు దృక్పథం లేదు. ఇందులో ఏఐ ఎక్కడుంది?’

తొలిదశ పెట్టుబడికి పట్టిన జబ్బు ఇదే. యాభై లక్షల పెట్టుబడికి చేయాల్సిన విచారణ, లాయరు ఖర్చు, తిరుగుడు యాభై కోట్లకూ దాదాపు అంతే. మరి పెద్ద ఫండు చిన్న సంతకం ఎందుకు పెడుతుంది? పేరుకు ‘తొలిదశ’ బోర్డు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం రెండో దశకు, మూడో దశకు పాక్కుంటూ పోతుంది. పైగా ఫండు ఆయుష్షు పదేళ్లే. ఆ లోపల కొనాలి, పెంచాలి, అమ్మాలి. మన నేలలో చింతచెట్టు కూడా అంత తొందరపడదు.

పెట్టుబడికి మన దారి తెలియదా అంటే తెలుసు. 2005లో దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదుకు బస్సు టికెట్ దొరకని తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామా మరుసటేడు బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ పెట్టాడు, 2013లో అమ్మాడు. ఆ దారి బస్సులు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి అనంతపురం దాటిపోతాయి. లోపలున్న డబ్బులు మంచి నిద్రలో ఉంటాయి, మన ఊరు వచ్చిందీ పోయిందీ వాటికి తెలియదు.

పెట్టుబడి పెద్దదైతే వేరే సంగతి. 2017లో కియా 110 కోట్ల డాలర్లతో పెనుకొండ దగ్గరికి వస్తానంది. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయంలోకి చకచకా చేరాయి, 2019లో కార్లు బయటికొచ్చాయి. సంతోషమే, మన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. దాంతో ఒక సంగతి తేలిపోయింది. చిన్నవాడు నీళ్ల కోసం వెయ్యడుగులు దిగాలి, పెద్దవాడి దగ్గరికి నీళ్లే కొండలెక్కి వస్తాయి.

నిజానికి ఓపికున్న పెట్టుబడి మనకు కొత్త కాదు. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ల తరబడి మట్టిలో కూచుని కదిరి-6 వంటి వేరుశనగ రకాలిచ్చింది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడుతో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆ బీడును పచ్చగా చేసి, చుట్టుపక్కల ఆడవాళ్ల పొదుపు సంఘాలు నిలబెట్టింది. వీళ్లెవరూ ఏడో ఏట వాటా అమ్ముకుని బయటపడే ‘ఎగ్జిట్’ ఎప్పుడని అడగలేదు. అందుకే వీళ్లను పిచ్ సభలకు పిలవరు.

ఇంత ఎగతాళి చేశాక ఒక మంచి మాట ఒప్పుకోవాలి. వెంచర్ క్యాపిటల్‌లో గొప్ప సంగతి డబ్బు కాదు, ఓడిపోయే హక్కు. కంపెనీ మునిగితే పెట్టినవాడు వాటాతోపాటే మునుగుతాడు. నడిపినవాడి ఇల్లు, పొలం జోలికి రాడు. ఓడిన ఫౌండర్ లింక్డిన్‌లో ‘నేను నేర్చుకున్న ఏడు పాఠాలు’ అని రాసుకుంటే, అయిదువేలమంది మెచ్చుకుంటారు, మరుసటేడు ఇంకో ఫండు పిలిచి డబ్బిస్తుంది. ఓడిన రైతు గడప ముందు నూటికి మూడు రూపాయల వడ్డీవాడు కూచుంటాడు. ఇద్దరి ధైర్యం ఒకటే, వేసిన బోరూ ఒకటే. ఒకడిది వాటా, ఇంకొకడిది అప్పు. అనంతపురం జిల్లాలో ఎందరి ఇళ్లలో దీపం ఆరిందో చెప్పే తేడా అంతా ఆ ఒక్క కాగితంలో ఉంది. హబ్‌లు, పోస్టర్లు, మెంటార్లు అన్నీ వచ్చాయి. ఆ వాటా కాగితమొక్కటే రాలేదు.

కాబట్టి పెట్టుబడిదారులకు మా పల్లెల తరఫున టర్మ్ షీటు, అంటే షరతుల కాగితం:

ఒకటి, బోరు ఎండితే నష్టం ఇద్దరిదీ. పాసుపుస్తకం మీ బీరువాలోకి రాదు.

రెండు, కనీసం ఒక కరువు వచ్చిపోయేదాకా మీ వాటా అమ్మరాదు.

మూడు, మాకు సలహాలివ్వడానికి వచ్చే మెంటారు తన సొంత డబ్బుతో ఒక్క బోరైనా వేయించి ఉండాలి.

నాలుగు, పాయింటు పెట్టినవాడి ఫీజు నీళ్లు పడ్డాకే.

అయిదు, బోర్డు సమావేశం మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చేని గట్టు మీద. మజ్జిగ మేమిస్తాం.

సమ్మతమైతే కింద సంతకం చేయండి. ముందు మీరే చేయాలి. మేం బ్యాంకులోనూ, వడ్డీ కొట్టులోనూ వేసిన వేలిముద్రలకు బొటనవేలు అరిగిపోయింది.